అష్టమి నాటి పోటు

1944 అక్టోబరు 9, సోమవారం

స్వరాజ్యం వచ్చింది. బొంబాయి నుంచి, చెప్పాపెట్టకుండా.

నేను బడి నుంచి వచ్చేసరికి ముందటి అర్రలో ట్రంకుపెట్టె, దాని మీద బట్టల మూట. వాకిట్లో ఇస్తారి నిలబడి చెంబుతో నీళ్లు తాగుతున్నాడు. మన దిక్కు నుంచి బొంబాయికి కూలికి పోయేవాళ్లను తోలుకపోయేదీ, తోలుకవచ్చేదీ ఇతనే.

“కొండవ్వ దింపి రమ్మన్నది సారూ. దింపిన. ఇంక నన్నేం అడగకున్రి” అని చెంబు గడప పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

కొండవ్వ మా వియ్యపురాలు. పిల్ల కాపురానికి పోయి ఏడాది కూడా నిండలేదు. వెంట అల్లుడు రాలేదు. పండుగకు వచ్చిందనుకుందామంటే బతుకమ్మ, దసరా రెండూ అయిపోయాయి.

“ఏమైంది బిడ్డా?” అన్నాను.

“కాళ్లు కడుక్కుంట బాపూ.”

కడుక్కుంది. తిన్నది. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఈ పుస్తకం అందుకే తీశాను. బడిలో చిక్కు లెక్క వస్తే నల్లబల్ల మీద వేసి చూసుకుంటాను. ఇంట్లో చిక్కు వస్తే వేసి చూసుకోవడానికి ఏమీ లేదు. ఇది ఎవరికీ చూపించేది కాదు.

అక్టోబరు 10

మా ఇంటామె రామవ్వ నన్ను అడగనివ్వలేదు. “దాని నోటెంట అదే రానియ్యి. నువ్వు బడిల పోరగాళ్లను అడిగినట్టు అడుగకు” అన్నది. నేను బడిలో ఎట్లా అడుగుతానో ఈమె ఎప్పుడు చూసింది?

అక్టోబరు 13, శుక్రవారం

బడికి సెలవు. పిల్ల తల్లికి చెప్తుంటే నేను కిటికీ ఇవతల ఉన్నాను. సగం వినిపించలేదు. లోపలికి పోయి మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాను.

సంగతి ఇది. దసరాకు ముందటి అష్టమి, సద్దుల బతుకమ్మ నాడు కామాటిపురలోని మన ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని చౌపాటి దాకా నడిచి పోతారట. అక్కడ చెరువు ఎక్కడిది, సముద్రంలోనే వదలాలి. ఆడి పాడి వదలబోతుంటే స్వరాజ్యం అత్తతో అన్నదట, “ఇప్పుడు వదిలితే ఎనుకకొస్తది అత్తా. ఆరు దాటనియ్యి. నీళ్లు మర్లుతయి, గప్పుడు వదులుదాం.”

“చీకటైతే ఇంటికెట్ల పోతం? కొత్తకోడలివి, ఊకో” అన్నదట కొండవ్వ.

వదిలారు. సముద్రం తీసుకుపోలేదు. ఒక్కొక్కటే ఒడ్డుకు తెచ్చి పెట్టింది. కొండవ్వ బతుకమ్మ కొండవ్వ కాళ్ల దగ్గరికే వచ్చి ఒరిగింది. బంతిపూలు ఇసుకలో, పసుపు గౌరమ్మ ఆమె పాదాల మీద. పాడుతున్నవాళ్లు ఆగిపోయారట. ఎవరో అన్నారట, “గీ పిల్ల అన్నట్టే అయింది గదా.”

ఆ ఒక్క మాట కామాటిపుర గల్లీలన్నీ తిరిగింది. పిల్ల నోరు మంచిది కాదు, అన్నది జరుగుతుంది, గౌరమ్మనే మర్లగొట్టింది అని. పది రోజులు చూసి కొండవ్వ ఇస్తారిని పిలిచింది.

నాకు మొదట నవ్వు వచ్చింది. మొగుడు కొట్టాడో, తాగుతున్నాడో, ఇంకెవరినో తెచ్చిపెట్టాడో అని నాలుగు రోజులుగా నేను అన్నం సరిగా తినకపోతే, చివరికి ఇదా. సముద్రానికి ఆటు, పోటు ఉంటాయి. నీళ్లు పొంగి ఒడ్డుకు రావడం పోటు, వెనక్కి తగ్గడం ఆటు. పోటు మీద ఏది వదిలినా తిరిగి ఒడ్డుకే వస్తుంది. జుగ్రాఫియా పుస్తకంలో చంద్రుడి బొమ్మతో సహా ఉంది. బడిలో ఉర్దూలో చెప్పేదాన్ని స్వరాజ్యానికి ఇంట్లో తెలుగులో చెప్పాను. ఇన్నేళ్లుగా చెప్తున్నాను, ఒక్క పిల్లవాడైనా దాన్ని బడి బయట వాడిన పాపాన పోలేదు. నా బిడ్డ వాడింది. నా పాఠం వల్ల వచ్చిన చిక్కు నా పాఠంతోనే తీరుతుంది.

రామవ్వ నవ్వలేదు. “కొండవ్వ తమ్ముడు యాదికి లేడా?” అన్నది.

ఉన్నాడు. మొన్న ఏప్రిల్‌లో బొంబాయి డాకులో, అంటే ఓడలు ఆగే రేవులో, మందుగుండు ఓడ పేలిన రోజు అతను అక్కడే పనిలో ఉన్నాడు. ఓడలోని బంగారు కడ్డీలు ఎగిరి ఎక్కడెక్కడో ఇళ్ల కప్పుల మీద పడ్డాయని చెప్పుకున్నారు. అతని అంగీ గుడ్డ కూడా దొరకలేదు. మా పిల్ల ఆ ఇంట్లో అడుగుపెట్టి అప్పటికి రెండు నెలలు. కొండవ్వ వెంటనే కొడుకు రాజనర్సు చేత ఒట్టు వేయించి డాకు పని మాన్పించింది. ఇప్పుడు అతను బట్టల మిల్లులో ఉన్నాడు. చౌపాటి ఒడ్డున ఆమె ఒకే మాట అన్నదట:

“నా తమ్మున్ని ఇయ్యని సముద్రం గౌరమ్మను ఇచ్చింది.”

అది విన్నాక నా నవ్వు ఆగింది. అయినా పోటు పోటే.

అక్టోబరు 15

నర్సయ్య ఇంటికి పోయాను. కులపెద్ద, కొండవ్వకు వరుసకు అన్న. ఆయన ఒక మాట చెప్తే ఆమె దాటదు. వాళ్ల ఇంట్లోనే ఒక గుమ్మడికాయ, ఒక నిమ్మకాయ అడిగి తీసుకుని, ఇది భూమి, ఇది చంద్రుడు అని మొదలుపెట్టాను. చంద్రుడు సముద్రపు నీళ్లను గుంజుతాడని చెప్పాను.

“మన కోమటిచెరువును ఎందుకు గుంజడు సారూ?”

“అది చిన్నది నర్సయ్యా.”

“చిన్నదాన్ని గుంజుడే అల్కగుంటది గద.”

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, “మంచి ముచ్చట చెప్పినవ్ సారూ. కని, పిల్ల అన్నది, అట్లనే అయింది. గా సంగతి ఏం జేస్తవ్?” అన్నాడు. నిమ్మకాయను పప్పులోకని లోపలికి పంపించాడు.

ఈ ఊళ్లో చదువుకున్నవాడు బతకడం కష్టం.

అక్టోబరు 16

కోమటిచెరువు సంగతి రాత్రంతా ఆలోచించాను. జవాబు ఉంది. నర్సయ్యకు చెప్పేటట్టు లేదు.

నవంబరు 3, శుక్రవారం

పిల్ల దిగులుగా ఉందని కూర్చోబెట్టుకుని బొంబాయి పటం గీశాను. ఊరి సంగతి కుదురుగా తెలిస్తే కొండవ్వతో మాట్లాడడానికి నాకూ పనికివస్తుంది. నేను చూసిన పెద్ద నీళ్లు హుస్సేన్‌సాగర్. దాని గట్టు మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపిస్తుంది. అవతలి ఒడ్డు లేని నీళ్లు ఎట్లా ఉంటాయో పుస్తకాలు చెప్పవు.

పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఒకప్పుడు అది ఊరు కాదు, ఏడు దీవులు. పోర్చుగీసు రాజు తన బిడ్డను ఇంగ్లీషు రాజుకు ఇస్తూ దాన్ని అరణంగా ఇచ్చాడు. అల్లుడికి దాంతో ఏం చేయాలో తెలియక కంపెనీవాళ్లకు కౌలుకిచ్చాడు. వాళ్లు దీవుల మధ్య సముద్రాన్ని రాళ్లతో, మట్టితో పూడ్చారు. రాళ్లు మోసినవాళ్లలో మనవాళ్లు ఉన్నారు. కామాటీలంటే మనవాళ్లే, కామాటిపుర పేరు వాళ్ల మీదనే వచ్చింది. ఇక్కడ ఆ పేరు ఎత్తితే కొందరు మూతి దాచుకుని నవ్వుతారు. పెళ్లి కుదిరినప్పుడు నన్నూ అడిగారు, ఆ వాడలోకి పిల్లను ఇస్తున్నావా అని. సాని ఇళ్లున్న గల్లీలు వేరు, మనవాళ్ల గల్లీలు వేరు. మనవాళ్ల గల్లీలో పోచమ్మ గుడి ఉంది, తెలుగులో తిట్టుకునేవాళ్లు ఉన్నారు, ఇంకేం కావాలి.

స్వరాజ్యానికి నా బొంబాయి నచ్చలేదు. ఆమె బొంబాయి వేరు. వరుస గదుల చాల్‌లో నల్లా దగ్గర తెల్లవారకముందే బిందెల వరుస. పక్క గదిలో మరాఠీ ముసలమ్మ, మెట్ల కింద గుజరాతీ సేటు ఉప్పు పప్పు దుకాణం. చేపలు అమ్మే కోలీ ఆడవాళ్లు మోకాళ్ల దాకా చీర బిగించి, పోలీసును కూడా జరగమంటారట. శ్రావణ పున్నమికి వాళ్లు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి, అప్పుడు గానీ పడవలు దించరట. ముంబాదేవి ముందు వాళ్లకు, తరువాతే తక్కిన ఊరందరికీ దేవతట. ట్రాము గంట, ఓడ కూత రెండూ ఇంట్లోకే వినిపిస్తాయట. చెప్తున్నంతసేపు పిల్ల ముఖం వెలిగింది. నేను అది చూసీ చూడనట్టు ఉన్నాను.

పటంలో డాకులను పడమటి ఒడ్డున పెట్టాను. సముద్రం పడమర గనుక.

“గీడ కాదు బాపూ. డాకులు తూర్పున. పడమటికి చౌపాటి, ఉత్త ఇసుక. తూర్పుకు నీళ్లు నిమ్మలంగుంటయి, ఓడలు గాడనే ఆగుతయి. గేట్లుంటయి వాటికి. భర్తి నిండినప్పుడే తెరుస్తరు, ఓడను లోపలికి తీస్తరు, నీళ్లు తగ్గకముందే మూస్తరు.”

భర్తి అంటే పోటు, మరాఠీ మాటట.

“నీకెవరు చెప్పిన్రు?”

“ఉన్నంక వినమా?” అని లేచి పోయింది.

పటం దిద్దాను. పిల్ల చూసింది చూసినట్టు పట్టుకుంటుంది. నా పోలిక.

నవంబరు 21

ఇస్తారి బొంబాయి నుంచి మాట తెచ్చాడు. కొండవ్వ, రాజనర్సు జనవరిలో కొమురవెల్లి మల్లన్న మొక్కుకు వస్తున్నారు. గుడి ముందు ముగ్గుల పట్నాలు వేసే ఆదివారం అయ్యాక సిద్దిపేటకు వచ్చి పెద్దమనుషుల ముందు మాట్లాడుకుంటారట. మాట కుదిరితే పిల్లను తీసుకుపోతుంది. కుదరకపోతే అక్కడికక్కడే తెగదెంపులు. కొడుక్కు ఇబ్రహీంపూర్‌లో వేరే పిల్లను అనుకుని పెట్టుకున్నదని ఇస్తారి వద్దనుకుంటూనే చెప్పాడు.

“రాజనర్సు ఏమంటుండు?” అని అడిగాను.

“ఏమంటడు సారూ. తల్లి ముందట వాడెన్నడు మాట్లాడిండు?”

రామవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. స్వరాజ్యం ఏడవలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది.

డిసెంబరు 4

పిల్లకు భక్తి కుదిరింది. పొద్దున్నే నన్ను తిథి అడుగుతుంది. ఏకాదశి అంటే ఏదో లెక్క వేసుకున్నట్టు తల ఊపుతుంది. మంచిదే. కష్టంలో దేవుడు గుర్తుకురావడం వింత కాదు. నాకు రావడం లేదు, అది వేరు.

డిసెంబరు 22, శుక్రవారం

రామవ్వ ఈరోజు పిల్లను అల్లుడి సంగతులు అడుగుతుంటే విన్నాను. మిల్లుకు ఎప్పుడు పోతాడు, ఎప్పుడు వస్తాడు అని.

“ఒక యాళ్ల ఉండదవ్వా. ఇయ్యాల పొద్దుగాల పోతే, వారానికి పగటీలి పోతడు. దినాం కొంచెం కొంచెం జరుగుతుంటది.”

ఇదెక్కడి మిల్లు అనుకున్నాను. మిల్లంటే భోంగా కూయాలి, దినాం ఒక్కటే వేళకు కూయాలి. బొంబాయి మిల్లులు కూడా సర్కారు దఫ్తర్ల లాగే నడుస్తున్నాయన్నమాట. యుద్ధం రోజులు, ఏం చెప్పగలం. రామవ్వ మాత్రం పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది. తరువాత ఇంకేమీ అడగలేదు.

నేను మాట్లాడవలసింది ఈరోజు పూర్తిగా రాసుకున్నాను. మొదట భూమి, తరువాత చంద్రుడు, తరువాత బొంబాయి. ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి, ఒక వైపు కొంచెం ఎత్తి, పువ్వు ఎట్లా ఒడ్డుకు వస్తుందో కళ్లకు కట్టిస్తాను. చూస్తే కాదనలేరు.

డిసెంబరు 23

తాంబాళంతో రామవ్వకు చేసి చూపించాను. “నీళ్లు బండ మీద పోసినవ్, తుడువు” అన్నది.

1945 జనవరి 12

పిల్ల చిక్కిపోయింది. మాట కుదరకపోతే ఇక్కడే ఉంటుంది, నా దగ్గర చదువుకుంటుంది, నేను ఆమెను ఆడపిల్లల బడిలో పంతులమ్మను చేస్తాను అని రామవ్వతో అన్నాను. నిజంగానే అనుకున్నాను. మంచి ఆలోచనే. పెరట్లో బట్టలు పిండుతున్న పిల్ల కూడా విన్నది. బట్టలు తీగ మీద వేసి లోపలికి పోయింది.

జనవరి 21, ఆదివారం

ఈరోజు వాళ్లు కొమురవెల్లిలో ఉంటారు.

జనవరి 23, మంగళవారం

అంతా వరుసగా రాయాలి.

పగటిపూటే వచ్చారు. కొండవ్వ, రాజనర్సు, నర్సయ్య, ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దలు. వియ్యంకుడికి సెలవు దొరకలేదట. నేను బడికి పోలేదు. కొండవ్వ మనిషి సగమైపోయింది. నుదుట మల్లన్న బండారు పసుపు, చేతిలో బండారు మూట. రాజనర్సు తలవంచుకుని గోడకు ఒరిగి నిలబడ్డాడు. చేతికి నీళ్ల చెంబు అందిస్తే చూశాను, అరచేతులు కాయలు కాచి, మణికట్టు మీద మోకు ఒరుసుకున్న గీతలు. మిల్లు పని ఇంత మొరటుదా అనుకున్నాను. స్వరాజ్యం లోపలి గడప దగ్గర కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

నేను తాంబాళం ముందుకు జరిపి, నీళ్లు పోసి, బంతిపువ్వు వేశాను. రాసుకున్నది రాసుకున్నట్టే మొదలుపెట్టాను. భూమి అయింది. చంద్రుడి దాకా వచ్చాను.

కొండవ్వ తాంబాళాన్నే చూస్తున్నది. నెమ్మదిగా అన్నది, “గీ పళ్లెంల సచ్చిండా అన్నా, నా తమ్ముడు?”

నేను తాంబాళం పక్కకు జరిపాను. ఇన్ని నెలలు నేను తయారుచేసిన దాంట్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

“నాకు పిల్ల మీద కోపం లేదన్నా” అన్నది కొండవ్వ. “మంచిది. పని జేస్తది. నాకు ఎదురు చెప్పలే. కని, అది అన్నది, గంగమ్మ విన్నది. రేపు నా కొడుకును ఏదన్న అంటే? కోపానికి ఎవలన్న అంటరు. మొగడు పెండ్లాలు అనుకోరా? దీని నోట్ల పడ్డది నిజమైతె నేనేం గావాలె?”

నేను ఆమె భయాన్ని మొదటిసారి చూశాను. ఇన్నాళ్లూ నేను దాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో రాసి పక్కన పెట్టాను.

నర్సయ్య దారి చెప్పాడు. పిల్ల మల్లన్న బండారు చేతిలో పట్టుకుని, నాకు ఆ నీళ్ల సంగతి ఏమీ తెల్వదు, ఉత్తగనే నోటికొచ్చింది అన్న అని అందరి ముందు చెప్పాలి. చెప్తే మాట మాటగానే పోతుంది, దోషం లేదు. అత్త తీసుకుపోవాలి.

“గట్లైతె తీస్కపోత” అన్నది కొండవ్వ.

ఇంత తేలికా అనుకున్నాను. స్వరాజ్యం వైపు చూశాను. కొండవ్వ మూట విప్పి ముందు పెట్టింది. పిల్ల చేయి చాపలేదు.

“తెల్వదని అననత్తా. మల్లన్న బండారు పట్టుకొని ఎట్లంట? తెలిసే అన్న.”

“ఎట్ల తెల్సు?” అన్నాడు నర్సయ్య.

పిల్ల కొంగు వేలికి చుట్టుకుంది. నర్సయ్యే మళ్లీ అడిగాడు.

“ఎవరు చెప్పిన్రు బిడ్డా, చెప్పు. గదన్న చెప్పు.”

పెదవి కరుచుకుని కూర్చుంది. రామవ్వ పక్కన చేరి చెవిలో ఏదో అన్నది. పిల్ల తల అడ్డంగా ఊపింది. నర్సయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ కండువా దులపడమంటే ఏమిటో నాకు తెలుసు. ఇంతకుముందు రెండు కాపురాలు ఆ దులపడంతోనే తెగిపోయాయి.

నేను లేచాను. ఆలోచించి లేవలేదు. “నేను చెప్పిన నర్సయ్యా” అన్నాను. “నేనే నేర్పిన. తప్పు నేర్పిన. సముద్రానికి ఆటు లేదు, పోటు లేదు. పుస్తకంల తప్పు రాసిన్రు, నేను తప్పు చదివిన, పిల్లకు తప్పు చెప్పిన. గా నాడు గాలికి అట్లయింది, అంతే. దోషముంటే నాది. బండారు నేను పట్టుకుంట.”

ఇన్నేళ్లు పాఠం చెప్పిన నోటితోనే అన్నాను. పెద్దలు వింటున్నారు, అందులో ఇద్దరి కొడుకులు నా దగ్గర చదువుతున్నారు. నాకు సిగ్గు అనిపించలేదు. పిల్ల అత్తింటికి పోతే చాలు అనిపించింది. పంతులమ్మను చేస్తానన్న వాణ్ని నేనే, అయినా అదే అనిపించింది. వంగి బండారు కోసం చేయి చాపాను.

నా మణికట్టును ఎవరో పట్టుకున్నారు. రాజనర్సు.

“వద్దు మామా.”

“ఇడువు.”

“వద్దు. నువ్వు చెప్పింది కాదు గది. నేను చెప్పిన.”

తల్లి వైపు తిరిగాడు. “నేను మిల్లుకు పోతలేనవ్వా. నెల దినాలు పోయిన. బదిలీ పని, పిలిస్తె ఉన్నది, లేకుంటె లేదు. మళ్ల డాకుకే పోతున్న. ఓడలు భర్తి మీదనే లోపలికొస్తయి. భర్తి దినాం ముప్పావు గంట ఎనుకకు జరుగుతది, నా పని గూడ అట్లనే జరుగుతది. ఎప్పుడొస్తనో దీనికి తెల్వాలె గద, బువ్వ పెట్టనీకి. లెక్క నేర్పిన. తిథికి ముప్పావు గంట. అష్టమి నాడు ఆరింటికి నిండుతది. గందుకే అన్నది. నా పేరు చెప్తె నేను డాకుల ఉన్నట్టు నీకు తెలుస్తదని ఊకున్నది. నేను గూడ ఊకున్న.”

“గా నాడే చెప్పకపోయినవ్?” అన్నాడు నర్సయ్య.

“అవ్వ ముందట డాకు పేరు తియ్యనీకి భయమైంది” అన్నాడు. అంత పొడుగు మనిషి, నిలబడి ఏడ్చాడు.

నేను కూర్చున్నాను. తిథి అడిగిన పొద్దులు, జరిగిపోయే మిల్లు వేళలు, తూర్పున ఉన్న డాకులు, అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. నేనే నా చేతితో ఈ పుస్తకంలో రాశాను. పోటును గురించి ఊరందరికీ చెప్పిన వాడికి అది కనిపించలేదు. రామవ్వకు కనిపించింది.

కొండవ్వ కొడుకును ఒక్క మాట అనలేదు. కొట్టలేదు. లేచి పోయి గడప దగ్గర స్వరాజ్యం పక్కన కూర్చుంది.

“ఇన్ని దినాలు నీకు తెలుసా? వాడు గాడికే పోతున్నట్టు?”

“తెలుసత్తా.”

“తెల్సి ఎట్ల పండుకున్నవే?”

“వచ్చేదాక పండుకోలే.”

కొండవ్వ ఆ మాటకు పిల్ల చేయి పట్టుకుంది. ఆ తరువాత పెద్దలు ఏం మాట్లాడారో నేను వినలేదు. నర్సయ్య పోతూ పోతూ, “చంద్రుడు నిజమేనా సారూ?” అని అడిగాడు. నిజమే అన్నాను.

జనవరి 24

పిల్లను అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. “నేను నేర్పింది నీకు యాదికి లేదా బిడ్డా?”

“ఉన్నది బాపూ. గది పరీక్షకు సదివిన” అన్నది.

నొచ్చుకోవలసింది ఏమీ లేదు. నేను చెప్పింది పరీక్షకే.

జనవరి 25, గురువారం

పగటి బస్సుకు పోతారు. పెట్టె సర్దడం అయిపోయింది. రాజనర్సు డాకు పని సంగతి ఏమైందని రామవ్వ నెమ్మదిగా అడిగితే, “పోతనంటుండు వదినె. పోనీ. కట్టేసి కూసోవెడ్తె మాత్రం ఉంటడా?” అన్నది కొండవ్వ.

ఇప్పుడు అత్తాకోడళ్లు ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. నేను లోపల ఇది రాస్తున్నాను. తలుపు తెరిచే ఉంది, మాటలు వినిపిస్తున్నాయి. నా దగ్గర ఎందరో కూర్చుని నేర్చుకున్న అరుగు అది. నన్ను ఎవరూ పిలవలేదు.

“నాకు గూడ చెప్పు” అంటున్నది కొండవ్వ.

“ఏందత్తా?”

“గదే, నీళ్ల లెక్క.”

స్వరాజ్యం చెప్తున్నది. ఎంత నెమ్మదిగా చెప్తున్నదంటే, నేను ఏ పిల్లవాడికీ అంత నెమ్మదిగా చెప్పలేదు. చవితి అయితే మూడు, అష్టమి అయితే ఆరు. కొండవ్వ వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతున్నది. తప్పింది. మళ్లీ మొదటి నుంచి.

“ఇయ్యాల ద్వాదశి గద. అంటే?”

“తొమ్మిది అత్తా. రాత్రి తొమ్మిదింటికి నిండుతది. ఓడ లోపలికొచ్చి, కట్టి, గేటు మూసేవరకు పదకొండైతది. నడుచుకుంట ఇంటికొచ్చేటాలకు పదకొండున్నర.”

కొండవ్వ మళ్లీ ఒకసారి కణుపులు లెక్కపెట్టుకుంది.

“గిది ముందుగాల తెలుస్తె ఎంత బాగుండె” అన్నది చివరికి. “తమ్ముడు, కొడుకు డాకుకు పోయిన దినాలల్ల పదకొండున్నర దాక భయపడకపోదును.”

నాకు కళ్లలో నీళ్లు వస్తున్నాయి. బస్సు వేళ అవుతున్నది, లేచి పెట్టె పట్టాలి.